తిరగేసి ఆరేసిన లైఫ్ జాకెట్

బోర్డు మీద వెంకటసుబ్బులమ్మ అనే పేరు చూసి, పచ్చళ్ల దుకాణమనుకొని మెట్లెక్కి వచ్చినవాళ్లు మార్కాపురంలో చాలామందే ఉన్నారు. "ఆవకాయ ఉందామ్మా?" అని అడిగితే ఆమె ఏమాత్రం నొచ్చుకోకుండా, "ఇక్కడ మనుషుల్నే ఊరేస్తాం నాయనా, ఊరినాక నిజం చెబుతారు" అని సాగనంపేది. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, పైవాళ్లతో పడక, రాజీనామా మొహాన కొట్టి వచ్చి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మనిషి. నోరు కొంచెం పెద్దది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నోరు చిన్నదవుతుందా?

ఆ శనివారం పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన ఫాతిమాబీ పచ్చడి అడగలేదు. చూపించిన కుర్చీలో కూర్చోనూ లేదు.

"నా కొడుకు షాకీర్‌ని సాయంత్రం జడ్జి ముందర పెట్టి జైలుకు పంపుతారంటక్కా. వాడు చేసిన తప్పేంది? జుమ్మా నమాజుకు పోయినాడు. అంతే!"

షాకీర్ యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. కంభం చెరువు ఒడ్డున యూనివర్సిటీ వాళ్లకు ఒక కెనూ క్లబ్బు ఉంది. కెనూ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ. పడవలు, తెడ్లు, లైఫ్ జాకెట్లు అన్నీ ఒడ్డునున్న రేకుల షెడ్డులో ఉంటాయి. వాటిని అడిగినవాళ్లకు ఇవ్వడం, తిరిగి తెచ్చినప్పుడు చూసి సర్దిపెట్టడం షాకీర్ బాధ్యత. నిన్న మధ్యాహ్నం షెడ్డు తెరిచి ఉంచే నమాజుకు వెళ్లాడు. ఆ సమయంలో అతని స్నేహితుడు మణిదీప్ ఒంటరిగా వచ్చి పడవ తీసుకున్నాడు. సాయంత్రానికి చేపలు పట్టేవాళ్లకు ఆ పడవ చెరువు మధ్యలో బోర్లాపడి కనిపించింది. మణిదీప్ కనిపించలేదు. షెడ్డులో లైఫ్ జాకెట్లు లెక్కపెడితే ఒక్కటీ తగ్గలేదు. అంటే జాకెట్ లేకుండానే పోయాడు, మునిగిపోయాడు, తప్పంతా సామాను చూసుకునేవాడిది అని సీఐ లక్ష్మీనరసయ్య రాత్రికి రాత్రే తేల్చేశాడు. ఇక శవం ఒక్కటే దొరకాలి.

సుబ్బులమ్మ ఫాతిమాబీని వెంటబెట్టుకుని కంభం చేరేటప్పటికి గజ ఈతగాళ్లు చెరువులో రెండో విడత వెతుకుతున్నారు. షెడ్డు వాకిట్లో కానిస్టేబుల్ కొండయ్య కాపలా ఉన్నాడు. పాత పరిచయం.

"సీఐ సారు వచ్చేలోపల చూసుకోని పో అక్కా. ఏదీ ముట్టుకోవద్దు" అన్నాడు నెమ్మదిగా.

"ముట్టుకోకుండా చూడటానికి ఇదేమన్నా మ్యూజియమా కొండయ్యా?" అంటూనే లోపలికి నడిచింది.

లోపల ఇద్దరున్నారు. ఒకరు క్లబ్బు కోచ్ ఆదిశేషు. నలభై దాటిన దృఢమైన మనిషి, రాత్రంతా ఒడ్డునే ఉన్నాడట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండోది క్లబ్బు కెప్టెన్ సింధూజ. ఆ పిల్ల ఒకచోట నిలవలేకపోతోంది. తెడ్ల దగ్గరికి పోతుంది, మళ్లీ వాకిలి దగ్గరికి వస్తుంది, చున్నీ అంచు వేలికి చుట్టుకుంటుంది, విప్పుతుంది. ఆమెను చూస్తుంటే చూసేవాళ్లకే కాళ్లు లాగేలా ఉంది.

షెడ్డులో ఒక పక్క పడవలన్నీ బోర్లించి వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక గూడు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ గూట్లో ఒక జత చెప్పులున్నాయి.

"ఇవేంది? పడవ తీసుకుపోయి చెప్పులు పెట్టిపోయినాడా?"

"అది మా పద్ధతి అక్కా" అన్నాడు ఆదిశేషు. "రిజిస్టరు ఉంది గానీ పిల్లలు ఎవరూ రాయరు. పడవలో ఎట్లాగూ వట్టి కాళ్లతోనే కూర్చోవాల. అందుకే ఎవరు ఏ పడవ తీసుకుంటే ఆ గూట్లో వాళ్ల చెప్పులు వదిలిపోతారు. ఎవరి చెప్పులు ఎవరివో అందరికీ తెలుసు. ఇవి మణివి."

"మరి జాకెట్లు?"

ఎదురుగా గోడకు వరసగా కొక్కేలు, ప్రతి కొక్కేనికీ నంబరు రాసిన చిన్న పలక. పలకల గనులున్న మార్కాపురం దగ్గర పలకలకు కరువేముంది? ప్రతి కొక్కేనికీ ఒక నారింజ రంగు జాకెట్ వేలాడుతోంది, నాలుగో నంబరు దగ్గర తప్ప. ఆ నాలుగోది వెనక వరండాలో తాడు మీద ఉంది. సీఐ అది కూడా లెక్కలో వేసుకున్నాడు కాబట్టే జాకెట్లన్నీ సరిపోయాయి.

సుబ్బులమ్మ వరండాలోకి వెళ్లి చూసింది. తాడు మీది జాకెట్ తిరగేసి ఉంది. లోపలి నల్ల గుడ్డ బయటికి, నారింజ రంగు లోపలికి.

"దీన్ని ఇట్ల తిప్పి వేసినారేంది?"

ఆదిశేషు ముఖంలో కాస్త గర్వం కనబడింది. "అది కూడా నేను నేర్పిందేనక్కా. నీళ్లలో నుంచి వచ్చినాక జాకెట్టు తిరగేసి తాడు మీద వేయాల. లేకుంటే లోపలి తడి ఆరక బూజు పడుతుంది. పొద్దున్నే ఆరినాక సరిగ్గా తిప్పి కొక్కేనికి తగిలించాల. తిప్పకుండా వేసినోణ్ణి కట్ట మీద పరుగెత్తిస్తా. నిద్రలో లేపినా మా పిల్లలు తిప్పే వేస్తారు."

"మొన్న సాయంత్రం ప్రాక్టీసు జరిగుంటుంది కదా. నిన్న పొద్దున ఇవన్నీ సరిచేసి కొక్కేలకు తగిలించినారా?"

"షాకీర్ తగిలించినాడు. నేనే వచ్చి చూసినా. అన్నీ కొక్కేలకే ఉన్నాయి."

"నిన్న ప్రాక్టీసు?"

"శుక్రవారం ప్రాక్టీసుకు సెలవు. సామాను సర్దడానికి షాకీర్ ఒక్కడే వస్తాడు."

సుబ్బులమ్మ గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. ఆమెకు ఆనందం వచ్చినా ఆకలి వేసినా అదే లక్షణం. నిన్న పొద్దున కొక్కేనికి ఉన్న జాకెట్ ఇవాళ తాడు మీదికి ఎలా వచ్చింది? సెలవు రోజున దాన్ని ఎవరు తడిపారు? కొండయ్య హెచ్చరిక గట్టు మీద పెట్టి, జాకెట్ మెడ దగ్గర మందంగా ఉన్నచోట గట్టిగా పిండింది. నాలుగు చుక్కలు కారాయి.

"అమ్మాయ్, ఇట్రా. నాలుగో నంబరు ఎవరిది?"

సింధూజ వచ్చి నిలబడింది. "నాదే అక్కా."

"నిన్న నీళ్లలోకి దిగినావా?"

"లేదు. నిన్న సెలవు కదా. హాస్టల్లోనే ఉన్నా."

"మరి నీ జాకెట్ ఎట్ల తడిసింది?"

"తెలీదక్కా. ఎవరన్నా తీసుకున్నారేమో."

ఆ మాట అంటూ సింధూజ సుబ్బులమ్మను చూడలేదు, ఆదిశేషును చూసింది. ఆదిశేషు ఏడో నంబరు కొక్కేనికి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు.

"మణిదీప్ వాడే జాకెట్ ఏది?"

"ఏడు" అన్నాడు ఆదిశేషు, అక్కడి నుంచి కదలకుండానే. "అదిగో, నా వెనకే ఉంది. పొడిగానే ఉందక్కా. సీఐ సారు రాత్రే చూసినాడు."

తన జాకెట్ తనకుండగా ఆ పిల్లవాడు ఈ పిల్ల జాకెట్ ఎందుకు తీసుకున్నాడు? సుబ్బులమ్మ మనసులో ఆ ప్రశ్న పుట్టింది. పుట్టి కళ్లు తెరిచేలోపే బయట జీపు హారన్ వినిపించింది. సీఐ లక్ష్మీనరసయ్య లోపలికి వచ్చాడు. ఈమె రాజీనామా కాగితం చదివి, నవ్వి, సంతకం పెట్టి పంపిన మహానుభావుడు ఆయనే. ఆయన్ని చూస్తే చాలు, సుబ్బులమ్మకు మిగతా ప్రపంచమంతా మసకబారిపోయేది.

"ఏం సుబ్బులమ్మా, పచ్చళ్ల వ్యాపారం ఎట్లుంది?"

"ఉప్పూకారం బాగానే కుదిరినాయి సార్. మీ కేసులోనే రెండూ తక్కువైనాయి."

"నా సీన్‌లోకి నిన్ను ఎవరు రమ్మన్నారు? కొండయ్యా, నీ సంగతి తరువాత చూస్తా. ఈమెను బయటికి పంపు."

"పోతా సార్. పోయేముందు ఒక్క మాట. ఆ షాకీర్‌ని ఏ నేరం మీద జైలుకు పంపుతున్నారు?"

"జాకెట్ లేకుండా మనిషి చెరువులోకి పోతుంటే చూసుకోవాల్సినోడు లేకుండా పోయినాడు. ప్రాణం పోయింది. చిన్న విషయమా?"

"ప్రాణం పోయిందని మీకు ఎవరు చెప్పినారు? శవమేమన్నా ఫోన్ చేసిందా?"

లక్ష్మీనరసయ్య మీసం కింద పెదవి బిగిసింది. "నీ నోటిదూల ఇంకా తగ్గలేదన్నమాట. రెండు నిమిషాలు ఇస్తున్నా. చెప్పేది చెప్పి పో."

రెండు నిమిషాలు చాలు. సుబ్బులమ్మ తాడు మీది జాకెట్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. తిరగేసి ఆరేసే పద్ధతి చెప్పింది. నిన్న పొద్దున ఆదిశేషు అన్నీ కొక్కేలకు ఉండగా చూసిన సంగతి చెప్పింది. "మెడ దగ్గర పిండండి సార్" అంది. ఆయన పిండాడు. ఖాకీ ప్యాంటు మీద నీళ్లు పడ్డాయి. ఆయన మూర్ఖుడు కాడు, తొందరపాటు మనిషి, అంతే. ముఖంలో వెటకారం తగ్గింది.

"సరే. నిన్న ఎవరో దీన్ని వేసుకోని నీళ్లలోకి దిగినారు. ఈ అమ్మాయిదే కదా, ఈమే దిగి ఉండొచ్చు."

"సింధూజా, తొడుక్కో తల్లీ."

సింధూజ జాకెట్‌ను సరిచేసి తొడుక్కుంది. ముందు జిప్పు దగ్గరికే రాలేదు. పక్కనున్న పట్టీలు చిట్టచివరిదాకా బిగించి ఉన్నాయి.

"ఇంత బిగించుకునే మనిషి మీ క్లబ్బులో ఎవరు కోచ్ సార్?"

ఆదిశేషు నోటి నుంచి మాట దానంతట అదే వచ్చింది. "మణి ఒక్కడే. పుల్ల మాదిరి ఉంటాడు. గాలొస్తే కొట్టుకుపోతావురా అని ఏడిపిస్తాం..." అని ఆగిపోయాడు.

ఇక సుబ్బులమ్మను పట్టడం ఎవరి తరం? "విన్నారా సార్? మణిదీప్ జాకెట్ వేసుకునే పోయినాడు. పడవను నడిమధ్యకు తీసుకుపోయి బోర్లించినాడు. ఈదుకుంటా ఒడ్డుకు వచ్చినాడు. వచ్చి ఏం చేసినాడు? పారిపోయేవాడు జాకెట్ యాడన్నా పొదల్లో పారేస్తాడు. లేదంటే లెక్క సరిపోవాలని కొక్కేనికి తగిలిస్తాడు. ఈ పిల్లోడు మాత్రం తిరగేసి తాడు మీద ఆరేసినాడు. ఎందుకంటే వాడు ఈ క్లబ్బులో పెరిగిన పిల్లోడు. చచ్చినట్టు నటించేటప్పుడు కూడా తడి జాకెట్‌ను కొక్కేనికి తగిలించడానికి చెయ్యి రాలేదు. వాడు బతికే ఉన్నాడు!"

ఆదిశేషు రెండు అడుగులు ముందుకు వచ్చి చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు.

"ఆ మాట ఇంకోసారి చెప్పక్కా. మా మణి బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"యాడికి పోయింటాడక్కా?"

గెలిచినవాళ్లకు మాట పొదుపు ఉండదు. సుబ్బులమ్మ ధారాళంగా చెప్పింది. "చెప్పులు ఇక్కడే వదిలినాడు. ఒళ్లంతా తడి. అట్లాంటోడు బస్సెక్కి హైదరాబాదు పోడు. ఎవరో బండి మీద ఎక్కించుకుపోయి, తెలిసినవాళ్ల ఇంట్లో, ఏ పల్లెటూళ్లోనో దాచినారు. రెండు రోజుల్లో బయటపడతాడు, దిగులు పడొద్దు."

సింధూజ ముఖం పాలిపోయింది. నిజం పట్టుబడింది కదా, భయపడింది అనుకుంది సుబ్బులమ్మ. ఆదిశేషు "ఈతగాళ్లకు చెప్పొస్తా, పాపం పొద్దున్నుంచి నీళ్లలో ఉన్నారు" అని కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. లక్ష్మీనరసయ్య జాకెట్‌ను సంచిలో వేయించి, గొంతు తగ్గించి అన్నాడు.

"శవం లేదు. మనిషి బతికున్నాడనే అనుమానం ఉంది. ఇప్పుడు పోయి రిమాండ్ అడిగితే జడ్జి నా తోలు తీస్తాడు. వాళ్లమ్మను స్టేషన్‌కు తీసుకురా, సంతకం పెట్టి తీసుకుపొమ్మను."

"థాంక్స్ సార్."

"నువ్వు చెప్పింది తప్పని తేలిందో, నిన్ను నిజంగానే పచ్చళ్లు పెట్టుకునేటట్టు చేస్తా."

స్టేషన్‌లో కాగితాల పని తెమిలేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. షాకీర్ బయటికి రాగానే ఫాతిమాబీ వాడి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, "మేరా బచ్చా, ఏమన్నా తిన్నావా?" అని ఒక్కటే మాట అడిగి వెక్కి వెక్కి ఏడ్చింది. సుబ్బులమ్మకూ కళ్లు తడిశాయి. ఇంతకంటే తృప్తి ఈ వృత్తిలో ఏముంటుంది? ఎదురుగా ఉన్న హోటల్లో ముగ్గురికీ భోజనం చెప్పింది. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా సింధూజ స్కూటీ వచ్చి హోటల్ ముందు ఆగింది. హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఎందుకు చెప్పినావక్కా? అందరి ముందర ఎందుకు చెప్పినావు?"

"కూర్చో తల్లీ. నువ్వే వాణ్ణి దాచినావని నాకు తెలుసు. ఒక అమాయకుణ్ణి జైలుకు పంపి..."

"షాకీర్‌ని పట్టుకుంటారని మేమనుకోలే!" సింధూజ షాకీర్ వైపు చూసి చేతులు జోడించింది. "పొద్దున్నే సీఐ సారుకు చెప్పేద్దామనుకున్నా. కానీ ఒక మనిషి నా పక్క నుంచి కదల్లేదు. మణి చచ్చిపోయినాడని ఆ ఒక్క మనిషి నమ్మాల. దానికే ఇదంతా చేసినాం."

"ఎవరు నమ్మాల?"

"ఆదిశేషు సారు."

సుబ్బులమ్మ చేతిలో ముద్ద విస్తట్లోకి జారింది.

సింధూజ గబగబా చెప్పింది. పోయిన ఏడాది అఫ్సానా అనే అమ్మాయి ఇదే క్లబ్బులో మునిగిపోయింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండగానే మునిగింది. కంగారుపడి నీళ్లు మింగిందని అందరూ అనుకున్నారు. అఫ్సానా జాకెట్‌ను బాధతో ఎవరూ వాడక మూలన పడేశారు. పది రోజుల కిందట మణిదీప్ దాన్ని విప్పి చూశాడు. లోపల తేలే స్పాంజి లేదు. చింకిగుడ్డలు, కొబ్బరి పీచు కుక్కి కుట్టి ఉన్నాయి. కొత్తగా వచ్చిన మంచి జాకెట్లను ఆదిశేషు బయట అమ్ముకుని, పాత తొడుగుల్లో చెత్త కుక్కి వాటి స్థానంలో పెట్టాడు. నీళ్లు తగిలితే అది తేలదు సరికదా, కిందికి లాగుతుంది.

"మణికి బుద్ధి లేదక్కా. నేరుగా పోయి సారునే అడిగినాడు. సారు ఏడ్చినాడు, కాళ్లు పట్టుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. రెండు రోజులకు మణి తన ఏడో నంబరు జాకెట్ ఎత్తి చూస్తే బరువుగా ఉంది. దాన్లోనూ గుడ్డలే."

ఏడో నంబరు. ఆదిశేషు వీపు ఆనించి నిలబడిన కొక్కెం. తన జాకెట్ వదిలేసి ఈ పిల్లది ఎందుకు తీసుకున్నాడు అని తనకు తోచిన ప్రశ్న. ఒక్కసారి చెయ్యి చాపి ఆ ఏడో జాకెట్ ఎత్తి చూసి ఉంటే సరిపోయేది. లక్ష్మీనరసయ్య మీద గెలవాలనే యావలో ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి వచ్చింది. సుబ్బులమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పోలీసులకు చెప్పలేదేం?"

"అఫ్సానాది యాక్సిడెంటని తేల్చింది పోలీసులే కదక్కా. వాళ్ల నాయన పీర్ సాహెబ్ దర్శిలో ఉంటాడు. పనిమీద బయటికి పోయినాడు, రేపు వస్తాడు. ఆయన చేతికే ఆ జాకెట్ ఇచ్చి, ఆయన్ని తీసుకోని ఎస్పీ దగ్గరికి పోదామనుకున్నాం. అంతదాకా మణి బతికుండాల, అంతే."

"ఇప్పుడు యాడున్నాడు?"

"చంద్రశేఖరపురంలో. మా అవ్వ రామతులసమ్మ ఇంట్లో."

"ఆ ఇల్లు ఆదిశేషుకు తెలుసా?"

సింధూజ చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "పోయిన చలికాలం క్లబ్బు పిల్లలందరం రెండు రోజులు ఉండొచ్చినాం. సారు కూడా వచ్చినాడు. అవ్వకు ఆయనంటే శానా ఇష్టం. మధ్యాహ్నం దాకా నన్ను ఒడ్డు నుంచి కదలనీలే, ఆనక కారెక్కి యాడికో పోయినాడు, అవ్వేమో ఫోన్ ఎత్తడం లే."

"అవ్వకు అసలు సంగతి చెప్పినారా?"

"లేదక్కా. భయపడుతుందని చెప్పలే. పరీక్షలకు చదువుకోడానికి వచ్చినాడన్నాం."

సుబ్బులమ్మ ఎంగిలి చేత్తోనే ఆ పిల్ల ఫోన్ లాక్కుంది. షాకీర్ లేచి సీఐ కోసం స్టేషన్‌లోకి పరుగెత్తాడు. మణిదీప్ ఫోన్ నిన్నటి నుంచి ఆపేసి ఉంది. అవ్వ నంబరు చాలాసేపు మోగింది. చివరికి ఎత్తింది.

"ఎవురమ్మా? సింధూ ఫోన్ కదా ఇది?"

"నేను సింధూజకు తెలిసినదాన్ని అవ్వా. మణిదీప్ ఉన్నాడా?"

"యాడికి పోతాడు, ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదంట పిల్లోడికి. తిని పడుకున్నాడు. మీ సారు కూడా ఇందాక ఇదే అడిగినాడు."

"ఏ సారు?"

"పడవల సారు. మధ్యాహ్నం ఫోన్ చేసినాడు. మణి మీ ఇంట్లోనే ఉన్నాడా అవ్వా అన్నాడు, ఉన్నాడన్నా. వస్తన్నా, వాడికి చెప్పొద్దు, నిద్రపోతే లేపొద్దు అన్నాడు. ఉన్నట్టుండి కనపడి వాణ్ణి సంతోషపెట్టాలంట. అంత పెద్దమనిషి అడిగితే కాదంటానా? గమ్మునున్నా."

"అవ్వా, నా మాట విను. వాణ్ణి లేపు. ఇప్పుడే లేపు! తలుపు గడియ వేసుకో..."

"ఉండమ్మా, ఇంటి ముందర కారు ఆగింది. ఆయనే మాదిరి ఉంది."

"అవ్వా! తలుపు తీయొద్దు!"

ఫోన్‌ను ఏ అరుగు మీదో పెట్టిన చప్పుడు. సుబ్బులమ్మ అరుస్తూనే ఉంది. హోటల్లో అందరూ తినడం మానేసి ఆమె వైపే చూస్తున్నారు. ఫోన్‌లో కొంచెం దూరంగా, గడియ తీసిన శబ్దం వెనకే, రామతులసమ్మ గొంతు సంతోషంగా వినిపించింది.

"రా నాయనా, రా. లోపల పడుకోనే ఉన్నాడు. నువ్వు చెప్పినట్టే లేపలేదు."